పద్నాలుగో కాగితం

మిర్యాలగూడలో రైస్‌మిల్లు నర్సింగరావు ఇంట్లో ఆ పొద్దున ఉప్మా బాగానే కుదిరింది. కుదురుగా లేనిది ఆయన భార్య రుక్మిణి మనసే. తోటికోడలు కన్యక రాసిన కథ వారపత్రికలో పడిందని పక్కింటివాళ్లు వచ్చి మరీ మెచ్చుకుని వెళ్లారు. పద్దెనిమిదేళ్లుగా వండి పెడుతున్న తనను మెచ్చుకోవడానికి ఎవరూ గడప తొక్కలేదు.

పైగా కన్యక రోజూ రెండు నుంచి నాలుగు దాకా పైగదిలో గడియ పెట్టుకుంటోంది. ఆ రెండు గంటలు తనను పిలవొద్దని అడిగితే, మొగుడు నితిన్ సరేనన్నాడు. అలా అడగొచ్చని రుక్మిణికి ఎన్నడూ తట్టలేదు. కోదాడ కాలేజీలో తనూ కథలు రాసేది. పెళ్లయ్యాక ఆ నోటుబుక్కు ఏమైందని ఎవరూ అడగలేదు. ఇప్పుడు కన్యక గది తలుపు చూస్తేనే ఆమెకు కడుపు మండిపోతోంది.

ప్లాస్టిక్ కవర్లో బియ్యానికి చెమట పడుతుందని నర్సింగరావు ఇప్పటికీ వ్యాపారులకు శాంపిల్ కాగితం పొట్లాల్లోనే పంపుతాడు. పాత కాగితాలతో ఆ పొట్లాలు కట్టేది రుక్మిణే. ఆ రోజు బల్ల మీద ఇరవై కాగితాలు కనిపించాయి. సూర్యాపేటలో జరిగే పోటీకి కన్యక రాసుకున్న కథ అది. రుక్మిణి చేతులు ఆగలేదు. మధ్యాహ్నానికల్లా ఆ కథ బియ్యం మోసుకుంటూ కోదాడకీ సూర్యాపేటకీ వెళ్లిపోయింది.

సాయంత్రం కన్యక ఇల్లంతా వెతికింది. పాత కాగితాలనుకున్నానని రుక్మిణి తలొంచుకునే చెప్పింది.

“నువ్వు సదవకుండ కాయితం మడవవు అక్కా, నాకు తెల్సు,” అంది కన్యక. “జిరాక్స్ గూడ లేదు. శనివారమే ఆఖరు. కోపముంటే నన్ను తిట్టేదుండె.”

ఆ పూట రుక్మిణికి ముద్ద దిగలేదు.

మర్నాడు కోదాడ నుంచి బియ్యం కొట్టు సుగుణ ఫోన్ చేసింది. విప్పుతుంటే చిరిగిపోయిన పొట్లాల మీద కథ సగమే మిగిలిందట, అందులోని పిల్ల బస్సెక్కిందో లేదో తెలియక మనసాగడం లేదట.

“ఎక్కింది,” అంది రుక్మిణి. “చిలుకూరు దాకా ఏడ్చింది. తర్వాత ఏడవలేదు.” మిగతా కథ చివరిదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఫోన్ పెట్టేసరికి మెట్ల మీద కన్యక నిలబడి ఉంది. “ఎన్నిసార్లు సదివినవ్ అక్కా?”

“రాసినకాడికి రోజూ చదివా, నువ్వు స్నానానికి పోయినప్పుడు.” రుక్మిణి మెట్ల దగ్గరికి వచ్చింది. “కుళ్లుకున్నా కన్యకా. నువ్వు అడిగి తెచ్చుకున్నావు. నాకు అడగాలనే తెలియలేదు. తప్పయింది.”

కన్యక వెంటనే కరగలేదు. మెట్లెక్కుతూ, వెనక్కి చూడకుండానే పైకి రమ్మంది.

రెండింటికి గడియ పడింది. రుక్మిణి చెబుతుంటే కన్యక రాసింది. ఆ రోజూ మర్నాడూ అదే పని. పద్నాలుగో కాగితం దగ్గర కన్యక కలం ఆగింది.

“ఈ మాట నేను రాయలే అక్కా.”

“రాయలేదా? అయితే కొట్టేయ్.”

కొట్టేయడానికి కన్యకకు చేతులు రాలేదు. తెల్ల కాగితం ఒకటి తీసి, ఇంకో కలంతో పాటు రుక్మిణి ముందుకు జరిపింది. “ఇది నీది. నీ కథల పెట్టుకో.”

కింద నుంచి నర్సింగరావు చాయ్ కోసం కేకేశాడు. అలవాటుగా లేచిన రుక్మిణి తలుపు దాకా వెళ్లింది, గడియ మీద చెయ్యి వేసింది.

“నాలుగయ్యాక,” అని లోపలి నుంచే చెప్పి, వెనక్కి వచ్చి కాగితం ముందు కూర్చుంది. కళ్లు తుడుచుకోవడం కూడా మరచి రాయసాగింది.