గుప్పెడు పల్లీలు, ఐదు కిలోల ప్రేమ

ఎనభై నాలుగు. పోయిన వారమూ ఎనభై నాలుగే. మధుకర్ బరువు చూసే మిషన్ మీద నిలబడి, మిషన్ పాడైందని తీర్పు చెప్పాడు.

ముందు ఎక్కిన ఐదుగురికీ అది బాగానే పనిచేసిందని కెజియా తలెత్తకుండానే అంది. ఆమె డైటీషియన్. హైటెక్ సిటీలోని ఈ ఆఫీసులో ఆరుగురు సాఫ్ట్‌వేర్ టెస్టర్లు రెండు నెలల్లో సన్నబడేలా చేయడానికి కూకట్‌పల్లి నుంచి ప్రతి శుక్రవారం వస్తుంది.

అతని తిండి డైరీలో నట్స్ గడి చూసింది. రోజుకు ఎనిమిది బాదం పప్పులు, ఒక్కటీ ఎక్కువ లేదు. అనుమానం వచ్చి టిఫిన్ బాక్సు తెరిపించింది. అందులో పల్లి చట్నీ, పల్లిపొడి వేసిన వంకాయ, మూలన ఒక పల్లిపట్టి.

"ఇవి రాయలేదేంటండి?"

"నట్స్ రాయమన్నరు కద మేడమ్. పల్లీలు నట్స్ ఎట్లయితయ్? మా ఇంట్ల కూరల పోసుడే."

లింగంపల్లిలో వాళ్లమ్మ సత్తెమ్మ పల్లీలు పడని వంటను వంటగానే లెక్కపెట్టదు. ఈ సంగతి అతను ఎంతో వినయంగా వివరించాడు. కోప్పడాలనుకున్న కెజియాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గరే మధుకర్ పని అయిపోయింది.

పల్లీలు మంచివేనని, మానక్కర్లేదని ఆమె చెప్పింది. బాదం, జీడిపప్పు, పల్లీలు అన్నీ కలిపి రోజుకు గుప్పెడు. లేదంటే వాటి బదులు చపాతీకి ఒక చెంచా పీనట్ బటర్, మహా అయితే రెండు.

"ఎంత మంచివైనా వాటిలో నూనె ఎక్కువండి. గుప్పెడు దాటితే ఒంటికే పడుతుంది."

మధుకర్ తన గుప్పిట చూపించాడు. అందులో పావుకిలో పడుతుంది. కెజియా తన చిన్న గుప్పిట దాని పక్కన పెట్టి, ఇదీ కొలత అంది. ఆ రోజు మధుకర్ పరీక్షించిన కోడ్‌లో ఒక్క తప్పూ దొరకలేదు. కోడ్ బాగుండి మాత్రం కాదు.

మూడు వారాలు ఆమె గుప్పెడే తిన్నాడు. ఎనభై ఒకటికి వచ్చాడు. అప్పుడు హెచ్ఆర్ వినయ్ భుజం తట్టి, ఎనభై తాకితే అతని కోర్సు పూర్తయినట్టేనని, ఆ స్లాట్ ఇంకొకరికి ఇస్తామని శుభవార్తలా చెప్పాడు.

బుద్ధున్నవాడు సంతోషిస్తాడు. మన మధుకర్ ఆ సాయంత్రమే సూపర్ మార్కెట్‌కు వెళ్లి కిలో పీనట్ బటర్ డబ్బా కొన్నాడు. మొదట చెంచాతో తిన్నాడు, తర్వాత గరిటెతో. తప్పని తెలుసు. కానీ ఆమె రాని శుక్రవారాన్ని ఊహించుకోలేకపోయాడు. డైరీలో మాత్రం గుప్పెడే రాశాడు.

ఎనిమిదో వారం మిషన్ ఎనభై ఆరు చూపించింది. కెజియా అప్పటికే అతని చార్ట్ మూడుసార్లు మార్చింది, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించింది. మిగతా ఐదుగురూ కలిసి రెండు కిలోలు తగ్గారు. ఈయన ఒక్కడే రెండు పెరిగాడు. వినయ్ కూడి చూస్తే మొత్తం సున్నా. అనుకున్నట్టు ప్రోగ్రాం పొడిగించడం లేదని, ఇక్కడితో ఆపేస్తున్నామని ఆమెకు చెప్పేశాడు. ఇంత పెద్ద ఆఫీసు దొరకడం ఆమెకు ఇదే మొదటిసారి.

"తప్పు నా చార్ట్‌లోనే ఉండి ఉంటుందండి," అంది కెజియా మిషన్‌ను సంచిలో సర్దుకుంటూ. "మీరు పాపం నిజాయితీగా రాశారు."

మధుకర్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. సీటుకు వెళ్లి వినయ్‌కు మెయిల్ రాశాడు. కావాలనే ఐదు డబ్బాల పీనట్ బటర్ తిన్నానని, చార్ట్‌లో ఏ తప్పూ లేదని, తన పేరు తీసేసి మళ్లీ లెక్క చూడమని. కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని పెట్టాడు. కాపీ కెజియాకు పంపాడు. పంపాక, ఇగ ఆమెను చూసేది లేదని అర్థమైంది.

వినయ్ అతని పేరు కొట్టేసి, ప్రోగ్రాంను ఆరు నెలలు పొడిగించాడు.

తర్వాతి శుక్రవారం వాన. మధుకర్ క్యాంటీన్ కిటికీ దగ్గర ఉంటే కెజియా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వ్యక్తిగతం అంటే ఏంటండి?"

అతను వానను చూశాడు, టేబుల్‌ను చూశాడు, చివరికి ఆమెను చూశాడు.

"ఎనభైకొస్తే మిమ్మల్ని చూసుడు బందయితదని తిన్న. మీ పని మీదికొస్తదని తెల్వలే. మీరంటే నాకు ఇష్టం మేడమ్."

 అతని బరువు ఎందుకు పెరుగుతోందో తెలియక తనకు మూడు వారాలు నిద్ర లేదని కెజియా చెప్పింది. అది ఊరికే క్షమించే విషయం కాదని గట్టిగానే అంది. మధుకర్ తలూపాడు.

"ఒక్క మాట చెబితే పోయేదానికి ఐదు డబ్బాలు తింటారా ఎవరైనా?" అంది. అప్పుడు ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. "నేను క్లయింట్లతో బయటికి వెళ్లనండి. మీరిప్పుడు క్లయింట్ కాదు. ఆదివారం చర్చి పదకొండింటికి అయిపోతుంది. ఖాజాగూడ చెరువు దగ్గర నడుద్దాం. ఆ ఐదు కిలోలూ కరిగేదాకా ప్రతి ఆదివారం."

మధుకర్ మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది. "జల్ది కరిగితే?"

"మళ్లీ డబ్బా ముట్టుకోకండి," అంది కెజియా. "కరిగాక కూడా వస్తాను."