కొక్కేనికి తువ్వాలు

కొండపల్లి దాటి మైలవరం వైపు పోతుంటే, కొండ వెనక్కి తిరిగే మట్టిరోడ్డు చివర ఒక రాతి క్వారీ ఉంది. పొద్దు గూకాక టిప్పర్ డ్రైవర్లెవరూ అటు పోరు. ఎంత బతిమాలినా, ‘పొద్దున్నే చూద్దాం లెండి’ అని తప్పించుకుంటారు. అక్కడ గుంటలోకి దిగే నిచ్చెన పక్కన ఒక ఇనప కొక్కెం ఉంది. పగలంతా ఖాళీగా ఉండే ఆ కొక్కేనికి చీకటి పడగానే ఒక తువ్వాలు కనబడుతుందని... గాలి లేకపోయినా ఊగుతుందని... చెప్పుకుంటారు.

నేను చూళ్ళేదు. ఆ క్వారీ నుంచి కంకర తోలిన టిప్పర్లలో నాదీ ఒకటి. నేను దెయ్యాలను నమ్మను. క్వారీ యజమానులను అంతకంటే నమ్మను. ఈ సంగతి నాకు చెప్పింది చక్రి. బెజవాడ ఆటోనగర్‌లో ఉంటాడు, గనులకూ క్వారీలకూ కొత్తరకం యంత్రాలు బిగించడం అతని పని. అబద్ధం అల్లేంత ఊహ లేని మనిషి. విన్నది విన్నట్టు చెబుతాను.

ముందు ఆ కొక్కెం సంగతి తెలియాలి. గుంటలోకి దిగే ప్రతి మనిషీ తన తువ్వాలు ఆ కొక్కేనికి తగిలించి దిగుతాడు. పైకొచ్చాక ఎవరి తువ్వాలు వాళ్ళు భుజాన వేసుకుని పోతారు. కొక్కేనికి ఒక్క తువ్వాలున్నా సరే, లోపల మనిషి ఉన్నట్టే. అప్పుడు బండల్లో కూరిన మందు పేల్చకూడదు. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేపకు, తువ్వాలుండగా మీట నొక్కకు — ఇదీ అక్కడి మాట.

బాలశౌరి ఆ క్వారీలో బండలకు రంధ్రాలు వేసేవాడు. కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం గుంటలోకి దిగినవాడు ఇంటికి రాలేదు. భార్య తెరేసమ్మ వెతుక్కుంటూ వచ్చింది. యజమాని దుర్గాశంకర్ ఆమెను నిచ్చెన దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు.

“కొక్కేనికి తువ్వాలుందా? లేదుగా! అంటే పైకొచ్చాడు, ఎటో పోయాడు. నన్నడిగితే నేనేం చెప్పేదమ్మా?”

తువ్వాలు లేని మాట నిజమే. అందరూ చూశారు. ఇంకేముంది, మన నోళ్ళకు మూతలుంటాయా! ఎవత్తినో లేపుకుపోయాడన్నారు. హైదరాబాదులో చూశామని కూడా చెప్పారు, పుణ్యాత్ములు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తెరేసమ్మ మాత్రం నమ్మలేదు. కానీ చచ్చిపోయాడని చెప్పేవాడు ఒక్కడూ లేకపోతే, చర్చిలో అతని ఆత్మ కోసం పూజ చెప్పించడానికీ లేదు. సమాధుల పండగనాడు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని పోతుంటే, ఆమె ఏ సమాధి దగ్గరికి పోవాలి? చివరికి ఆ క్వారీలోనే పనికి కుదిరింది. ఆఫీసు షెడ్డు ఊడవడం, కూలీల హెల్మెట్లు తుడిచి ఇవ్వడం. దుర్గాశంకర్ కాదనలేదు. కళ్ళముందుంటే మంచిదే అనుకున్నాడేమో.

గుంటలో తూర్పు పక్కన కూలిన బండల కుప్ప ఒకటి ఉండేది. అన్నేళ్ళూ దుర్గాశంకర్ దాని జోలికి పోలేదు. మొన్న చలికాలంలో పెద్ద రోడ్డు పని తగిలింది. మంచి రాయంతా ఆ పక్కే మిగిలిపోయింది. దాంతో తూర్పు పక్క పేల్చేద్దామన్నాడు.

అదే సమయానికి చక్రి అక్కడ కొత్త పద్ధతి బిగించాడు. కంకర కొనేవాళ్ళు పట్టుబట్టడంతో దుర్గాశంకర్ తప్పక పెట్టించిన పద్ధతి అది. ప్రతి హెల్మెట్‌కూ ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. మనిషి గుంటలోకి దిగితే షెడ్డులో తెర మీద అంకె పెరుగుతుంది, పైకొస్తే తగ్గుతుంది. అంకె సున్నా అయితే తప్ప పేల్చే పెట్టె తాళం ఊడదు.

“ఇక ఈ తువ్వాళ్ళ గోల అక్కర్లేదు, మిషనే మనుషుల్ని లెక్కపెడుతుంది,” అన్నాడట చక్రి. పక్కన హెల్మెట్లు తుడుస్తున్న తెరేసమ్మ చెయ్యి ఆగిపోయింది. “లోపలున్న వాళ్ళందరినీ లెక్కపెడుద్దా బాబూ?” అని అడిగింది. అందరినీ అన్నాడు ఇతను.

పేల్చే రోజు వచ్చింది. తూర్పు పక్క రంధ్రాల్లో మందు కూరారు. జనం అంతా పైకొచ్చి షెడ్డు ముందు నిలబడ్డారు. తెర మీద అంకె మాత్రం... ఒకటి.

తలలు లెక్కపెట్టుకున్నారు. హెల్మెట్లు విప్పి చూసుకున్నారు. చక్రి యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాడు. ఒకటి. ఈ తంటాలతోనే సాయంత్రమైంది, కొండ నీడ గుంటను మింగేసింది. చీకటి పడితే పేల్చకూడదని రూలు. దుర్గాశంకర్‌కు రూళ్ళెప్పుడు పట్టాయి కనుక!

“ఆ తాళం తీసెయ్యవయ్యా. బిళ్ళ ఎక్కడో జారిపడుంటది.”

“తియ్యనండి. పడింది బిళ్ళో, మనిషో... చూడకుండా తియ్యను.”

“మనుషులందరూ ఇక్కడే ఉన్నారు కదయ్యా!”

వెనకనుంచి డ్రిల్లరు జక్కయ్య మెల్లగా అన్నాడు: “అందరూ లేరు సార్... బాలశౌరి లేడు.”

దుర్గాశంకర్ జక్కయ్యను ఒక బూతు తిట్టాడు. బిళ్ళ దగ్గరయ్యేకొద్దీ వేగంగా కూసే చేతి యంత్రమొకటి చక్రి దగ్గరుంటే లాక్కున్నాడు. నేనే పోయి తెస్తా, నువ్వు తెర చూస్తూ ఫోన్లో చెప్పు అని హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాడు. అతను నిచ్చెన దిగుతుంటే చక్రి ఆ ఇనప కొక్కేనికే చెయ్యి ఆనించుకుని టార్చి పట్టాడు. అప్పుడు కొక్కెం ఖాళీగా ఉంది. ఈ మాట నాకు గట్టిగా చెప్పాడు.

చక్రి షెడ్డుకు తిరిగొచ్చి, అందరికీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టాడు. తెర మీద అంకె రెండయింది.

ఫోన్లో చెప్పుల చప్పుడు. యంత్రం ఆగి ఆగి కూస్తోంది... కూ... కూ... తర్వాత త్వరత్వరగా కూయడం మొదలుపెట్టింది.

“ఎక్కడున్నారు సార్?”

అతని ఊపిరి వినబడుతోంది. గొంతు బాగా తగ్గించి, “కూలిన బండల దగ్గర... లోపల్నుంచి వస్తోంది...” అన్నాడు.

సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది.

మందు పేల్చబోయే ముందు మోగించే సైరన్ అది. కొండంతా మారుమోగింది. దుర్గాశంకర్ నిలబడింది మందు కూరిన రంధ్రాల నడుమ.

“ఆపు! చక్రీ, ఆపు! నేను లోపలున్నా!”

“నేను కాదు సార్! తాళం ఊడలేదు, పేలదు, మీరు—”

సైరన్ హోరులో ఆ మాట అతనికి చేరలేదు. రాళ్ళ మీద పడుతూ లేస్తూ నిచ్చెన వైపు పరిగెత్తుతున్న చప్పుడు. ఉన్నట్టుండి ఆ పరుగు ఆగింది.

“ఎవడ్రా... ఎవడ్రా తగిలించింది...”

ఆ తర్వాత అతని నోట వచ్చిన కేక తలుచుకుంటే చక్రి ఇప్పటికీ టీ గ్లాసు కింద పెట్టేస్తాడు.

“బాలశౌరీ! నొక్కొద్దురా! తువ్వాలు నేనే తీశాను... నువ్వు పైకొచ్చేదాకా ఆగలేక తీశాను... నువ్వు కింద ఉన్నావని తెలుసురా... తీసి కాల్చేశాను... నొక్కొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా...”

షెడ్డు ముందున్న కూలీలందరూ విన్నారు. జక్కయ్య కింద కూలబడి రెండు చేతులతో తల బాదుకున్నాడు. సైరన్ ఆగింది.

దుర్గాశంకర్ నిచ్చెన ఎక్కలేదు. పోలీసులు వచ్చేదాకా కింద నిచ్చెన కాలు కావలించుకునే ఉన్నాడట, పైకి చూడకుండా. వినడానికి నాకు చల్లగా ఉంది. జాలి పడేవాళ్ళుంటే పడండి.

మర్నాడు మందు తీయించి, బండలు చేతులతో తొలగించారు. అడుగున బాలశౌరి దొరికాడు. మెడ దగ్గర జపమాల ఉంది. ఆ కుప్ప మీద ఒక సందులో చక్రికి తన పెట్టెలోని మిగులు బిళ్ళల్లో ఒకటి కూడా దొరికింది, పాత రవికె పీలికతో ఒక రాయికి కట్టి. దాన్ని జేబులో వేసుకుని తెరేసమ్మను పక్కకు పిలిచాడు.

“అమ్మా... ఇది?”

“నేనే పైనుంచి విసిరా బాబూ. పేలిస్తే ఆయన కంకరైపోయి ఏ రోడ్డు కిందో పడుండేవాడు. నీ మిషను అందరినీ లెక్కపెడుద్దన్నావుగా... ఆయన్ని కూడా లెక్కెయ్యమన్నా.”

“సైరన్ కూడానా?”

“ఆ. షెడ్డు వెనక దాని మీట నేనే నొక్కా. ఆయన చివర్న విన్నది అదే. వాడూ వినాలి.” ఆమె కంట్లో తడి లేదు.

చక్రికి గుండె కుదుటపడింది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి కసి, అంతే. నిచ్చెన దగ్గర కొక్కేనికి తువ్వాలు ఇంకా వేలాడుతోంది. ఆ గొడవలో దాన్నెవరూ ముట్టుకోలేదు.

“అదీ బాగా తగిలించావమ్మా. దాన్ని చూసేగా వాడికి నోరు పెగిలింది.”

తెరేసమ్మ అటు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది.

“నా దగ్గరెక్కడిదయ్యా ఆయన తువ్వాలు? వాడు కాల్చేశానన్నాడుగా!”

ఆమె నడిచి వెళ్ళి కొక్కెం మీద చెయ్యి వేసింది. తువ్వాలు తీసి విప్పింది. సగం దాకా కాలి నల్లబడి ఉంది. అంత దూరానికీ కాలిన నూలు వాసన కొట్టిందట.

ఆమె దాన్ని మడిచి భుజాన వేసుకుంది.

“పైకొచ్చావుగా... ఇక ఇంటికి పోదాం పద.”