బ్రేకు మీది పాదం

పొద్దున్న ఆరింటికి బస్సు డ్రైవరు మంచం అంచున కూర్చుని, సాక్సు తొడుక్కోలేక గోడకేసి చూస్తున్నాడు. వంగితే నడుం పట్టేస్తోంది. వంగకపోతే డ్యూటీ పోతుంది.

భార్య వచ్చి కింద కూర్చుని సాక్సు తొడిగింది. "సాయంత్రం ఆ కైరోప్రాక్టరు దగ్గరికి పోదామండీ. చేత్తోనే వెన్ను సరిచేస్తాడట. కోత లేదు, కుట్లు లేవు. పదిసార్లు వెళ్ళినా మీ నెల జీతం దాటదు."

కూతురు ఎముకల వార్డులో నర్సు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. "స్కానైనా తీయకుండా నాన్న వెన్నెముక ఎవరి చేతుల్లోనో పెడతావా? ఆపరేషనుకి బీమా ఉంది కదమ్మా."

"కోస్తేనే ఇచ్చే బీమా అది. కోయకుండా నయం చేసుకుంటే పైసా రాల్చదు. ఇదెక్కడి న్యాయమే? ఆయన మూడు నెలలు మంచాన పడితే ఈ ఇల్లు మీ పెద్ద డాక్టరు నడుపుతాడా?"

"అక్కడ తేడా వస్తే జన్మంతా మంచమే. అప్పుడు నువ్వు నడుపు."

రెండు లారీల మధ్య దూరే సైకిలువాణ్ణి అద్దంలో చూసి డ్రైవరు రోజూ తిట్టుకుంటాడు. ఇప్పుడు ఆ సైకిలువాడు తనే.

కొక్కేనికున్న యూనిఫాం చొక్కా భార్య అందుకోగానే జేబులోంచి చీటీ జారింది. కూతురు తీసి చదివింది. నిన్నటి తేదీ. కైరోప్రాక్టరు రాసిచ్చాడు: కుడిపాదంలో స్పర్శ లేదు, నేను చెయ్యి వేయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

"చెప్పకుండా వెళ్ళొచ్చావా? ఎన్నాళ్ళుగా ఇలా?"

"మూడు వారాలు."

"మరి బ్రేకు?"

"కిందికి చూసి తొక్కుతున్నా."

తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ బస్సు వెనక సీట్లలో రోజూ యాభైమంది.

"మాకెందుకు చెప్పలేదండీ?"

"నీకు చెబితే నీ ఆశ పోతుంది. దానికి చెబితే అన్‌ఫిట్ అని రాయిస్తుంది. ఎటు తిప్పినా నా స్టీరింగే పోతుంది. ఇరవయ్యారేళ్ళుగా నాకు తెలిసిన పని అదొక్కటే."

"ఇది వచ్చినప్పటి నుంచీ ఇద్దరం అరుచుకోవడమే," అంది భార్య మెల్లగా. "కాలెలా ఉందని అడిగామా ఒక్కరమైనా?"

కూతురు నేలమీద కూర్చుని అతని కుడికాలి సాక్సు లాగేసింది. "ఆపరేషనే అవుతుందని నేననను నాన్నా. ముందు చూడనీ. కళ్ళు మూసుకో. ముట్టుకున్నప్పుడు చెప్పు."

మూసుకున్నాడు. కాసేపు ఆగాడు.

"ఇంక మొదలుపెట్టమ్మా."

కళ్ళు తెరిచాడు. కూతురు రెండు చేతులతో అతని పాదాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె కన్నీళ్ళు అతని కాలివేళ్ళ మీద పడుతున్నాయి. చూశాడు కాబట్టి తెలిసింది.

తర్వాత భార్య వైపు తిరిగాడు.

"డిపోకి ఫోను కలుపు. ఇవాళ నా బస్సు ఇంకెవరైనా తియ్యాలని నేనే చెబుతా."