ఎమ్లిన్‌కు వినపడని కేక

ఆ ఉదయం కార్డిఫ్‌లో ముసురు పట్టింది. ఎమ్లిన్ ప్రాసర్ వంటింట్లో నిలబడి, చల్లారిన టీ పక్కన పెట్టి డైలాగులు వల్లె వేసుకుంటున్నాడు. జుట్టు నెరిసేదాకా టీవీ సీరియల్లో డాక్టరు వేషమే. సినిమాల్లో ఎప్పుడూ హీరో వెనక నిలబడే పాత్రలే. అరవై దాటాక మొదటిసారి ఒక సినిమాకి అతనే కథానాయకుడు. సోమవారం షూటింగ్.

తలచుకుంటే సంతోషం కన్నా ముందు గుండెల్లో రాయి పడుతోంది. కొంతకాలంగా చెవులు మొరాయిస్తున్నాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటున్నాడు. తోటినటుడు మొహం తిప్పుకున్నాడా, ఇక తడుముకోవడమే. సంగతి పొక్కితే వేషం చేజారుతుందని భార్య గ్లెనిస్‌కి కూడా చెప్పలేదు.

కూతురు బెథన్ తన నాలుగేళ్ల పాప నియాను తీసుకొచ్చింది.

"అమ్మ బజారు నుంచి వచ్చేదాకా దీన్ని కాస్త కనిపెట్టుకో నాన్నా. పళ్ల డాక్టర్ని చూసి వచ్చేస్తా."

వాన తెరిపివ్వగానే నియా పెరట్లోకి పరుగెత్తింది. ఎమ్లిన్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఒక మాట దగ్గర తడబడి కాగితాల్లోకి తల దించాడు. తర్వాత ఎంతసేపైందో అతనికే తెలియదు.

భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడ్డాడు. బెథన్! ఆమె చంకలో నియా వెక్కుతోంది. పెరట్లోని సామాన్ల కొట్టు తలుపు బాది బాది చిన్ని పిడికిళ్లు కమిలిపోయాయి. అందులో దూరితే గాలికి తలుపు మూసుకుని బయట గడియ పడిపోయింది.

"వీధి చివరికి వినిపించాయి దీని కేకలు! ఇక్కడే ఉండి ఏం చేస్తున్నావు?"

ఎమ్లిన్ కాగితాలు పక్కన పడేశాడు. "వేషంలో మునిగిపోయానమ్మా" అన్నాడు.

"నా చిన్నప్పుడూ ఇంతే! నా పుట్టినరోజులన్నీ నీ షూటింగులే మింగేశాయి. ఇప్పుడు దీని ప్రాణం కన్నా నీకు డైలాగులే ఎక్కువయ్యాయా?"

గుండె లేనివాడనుకుంటే అనుకోనీ, చెవులు లేనివాడని మాత్రం తెలియకూడదు. తల వంచుకున్నాడు.

అప్పుడే సంచులతో గ్లెనిస్ వచ్చింది. "ఇక దీన్ని ఈ ఇంటికి తీసుకురానమ్మా!" అంది బెథన్.

తల్లి మెడలో మొహం దాచుకుని నియా ఏదో అంది. ఆడవాళ్లిద్దరూ చటుక్కున ఎమ్లిన్ వైపు చూశారు, జవాబు కోసం.

పాప పెదవులు కనిపించలేదు. ఎప్పటిలా నవ్వి తలూపేద్దామనుకున్నాడు. ఆ ప్రశ్న ఎలాంటిదో! దేనికి ఔననేస్తాడో! భార్య వైపు తిరిగాడు.

"ఏమంది గ్లెన్? నాకు వినపడలేదు. ఇందాక పాప కేకలూ వినపడలేదు. చాలాకాలంగా సరిగ్గా వినపడటంలేదు."

గ్లెనిస్ సంచులు దించింది. "ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా. నీ టీవీ మోతకి పక్కింటివాళ్లతో చివాట్లు తింటున్నది నేనే కదయ్యా!"

"సినిమావాళ్లకి తెలిస్తే తీసేస్తారు గ్లెన్. నాకు భయంగా ఉంది."

బెథన్ కోపం నీరుగారిపోయింది. తండ్రి ఎదురుగా, మొహం కనిపించేలా కూర్చుంది.

"డైరెక్టరుకి నేనే ఫోన్ చేస్తాను. ఆవిడన్న ప్రతి మాటా ఇలాగే కూర్చుని నీకు చెబుతాను. తీసేస్తే... కలిసి ఏడుద్దాం నాన్నా."

"పాప ఏమందో చెప్పు ముందు."

బెథన్ పాపని అతని వైపు తిప్పింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "తాతకి నామీద కోపమా, అందుకే రాలేదా... అని అడిగింది."

ఎమ్లిన్ రెండు చేతులూ చాచాడు. "లేదు తల్లీ! వినుంటే ఆ తలుపు విరగ్గొట్టేవాణ్ణి" అంటూ పసిపిల్లాడిలా బావురుమన్నాడు.