మక్కువకు ముప్పై ప్రశ్నలు

మనస్తత్వ పరిశోధన శాఖలో అంకెలు సరిచూసే ఉద్యోగానికి చేరిన మొదటి రోజే లెక్కలమ్మాయి మన పరిశోధకుడి ప్రశ్నపత్రంలో ఏడో ప్రశ్నను పట్టుకుని కడిగి ఆరేసింది.

"ఇదేంటండీ? ‘ఆ మనిషి కనిపిస్తే సంతోషం వేస్తుంది, కనిపించకపోతే అన్నం సయించదు.’ నాకు సంతోషమూ వేస్తుంది, అన్నమూ శుభ్రంగా సయిస్తుంది అనుకోండి. ఏ గడిలో టిక్కు పెట్టాలి?"

"మధ్య గడిలో పెట్టెయ్యండి."

"మధ్య గడి అంటే ‘చెప్పలేను’ అని మీరే రాశారు. నేను చెప్పగలను కదా! మీరు ఒక ప్రశ్న అనుకుని రెండు అడుగుతున్నారు."

అతనికి చెవులు ఎర్రబడ్డాయి. పంతానికి పోయి ఏడో ప్రశ్నను అలాగే ఉంచాడు. ఆ పిల్లను మాత్రం మనసులోంచి తీసెయ్యలేకపోయాడు.

శాఖలో అందరూ అతన్ని టేపు అని పిలిచేవారు. దర్జీ టేపును మెడలో వేసుకుంటే, ఇతను కళ్లకే కుట్టించుకున్నాడని వాళ్ల వేళాకోళం. మూడేళ్లుగా అతను కొలుస్తున్నది గుడ్డా కాదు, గోడా కాదు, మక్కువ. మనిషికి మనిషి మీద ఉండే మక్కువను అంకెల్లో పెట్టాలని అతని పట్టుదల. "కొలవబోయే ముందు అదేమిటో చెప్పి ఏడువు" అన్నారు ప్రొఫెసర్ గారు. చెప్పడానికి ఏడాది పట్టింది, పదకొండు పేజీలైంది. ప్రొఫెసర్ గారు చదివి, కళ్లజోడు తుడుచుకుని, "దీని ప్రకారం మా పిల్లికి మక్కువ నా మీదా, పాలగిన్నె మీదా?" అని అడిగారు. ఆ రోజు అతను విడిచిన నిట్టూర్పుకి, కరెంటు లేకపోయినా వరండాలో ఫ్యాను మూడు చుట్లు తిరిగిందని గుమాస్తా ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఆ తర్వాత మూడు వందల ప్రశ్నలు రాశాడు. లెక్కలమ్మాయి వచ్చాక రోజూ మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర పెన్నుతో వాటిని ఊచకోత కోసింది.

"‘ఆ మనిషి ఫోన్ కోసం ఎదురుచూస్తాను.’ కొరియర్ వాడి ఫోన్ కోసం కూడా ఎదురుచూస్తాను. వాడంటే మక్కువా నాకు?"

"అది వేరండీ. అది అవసరం."

"ఆ తేడా మీ ప్రశ్నకి తెలుసా మరి?"

ప్రశ్నకి తెలీదు. అతనికీ తెలీదు. కొట్టేశారు. అలా కొట్టగా కొట్టగా ముప్పై మిగిలాయి. ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరూ ఒకే గొడుగులో బస్టాపు దాకా నడిచారు. గొడుగు పట్టుకున్నది ఆమె. అది కొంచెం అతని వైపు వంగింది. వేరేవాడైతే ఆ రాత్రి ఒక కవిత రాసుకునేవాడు. ఇతను ఎంత కోణంలో వంగిందో బొమ్మ గీసుకున్నాడు. గాలి వాటానికి ఎంత, ఇష్టానికి ఎంత అన్నది మాత్రం తేలలేదు.

ఒక గురువారం ఆమె ఫైలు మూసి సూటిగా అడిగింది.

"వేరే ఊరి ఆసుపత్రి వాళ్లు ఉద్యోగానికి పిలుస్తున్నారు. శనివారం ఐదింటికల్లా ఏ సంగతీ చెప్పాలి. వెళ్లమంటారా, వద్దంటారా?"

నోరుండి మనసున్న ఏ మగాడైనా అక్కడికక్కడే చెప్పాల్సిన మాట. మన టేపు మాత్రం, "రేపు చెబుతానండీ" అన్నాడు. ఎందుకంటే ఆ ముప్పై ప్రశ్నలకీ ఎనభై మంది నింపిన ఫారాలు ఆ పూటే అతని బల్ల మీదికి వచ్చాయి. వాటిలో ఆమెదీ ఒకటుంది. ముందుగా ఆమె మనసులో ఏముందో తేల్చుకుని నోరు విప్పుదామని ఆ మహానుభావుడి ఎత్తుగడ.

ఫారాల మీద పేర్లుండవు. అయినా అరవై మూడో ఫారంలో ఏడో ప్రశ్న పక్కన సన్నటి అక్షరాలతో "ఇప్పటికీ రెండు ప్రశ్నలే!" అని రాసి ఉంది. అలా రాసే మనిషి భూప్రపంచంలో ఇంకొకరుండరు. అందరి మార్కులూ కూడాడు. ఆమెవి నూట యాభైకి డెబ్బై ఆరు. ఎనభై మందిలో అట్టడుగు.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి, "వెళ్లండి. మంచి అవకాశం" అన్నాడు.

ఆమె కాసేపు అతని ముఖంలోకే చూసింది. "అంతేనా?"

"అక్కడ కంప్యూటర్లు కూడా కొత్తవట."

"ఓహో, కంప్యూటర్లు!" అని లెక్క చూడమని అతను అందించిన ఫారాల కట్టను విసురుగా లాక్కుని వెళ్లిపోయింది.

శనివారం నాలుగున్నరకి తలుపు ధడాలున తెరుచుకుంది. గుమ్మంలో లెక్కలమ్మాయి, చంకలో ఆ కట్ట.

"టేపు గారూ! మీ ముప్పై ప్రశ్నలకీ ఒకదానితో ఒకటి ఎంత పొంతన ఉందో చూశాను. సున్నా. ఇన్నాళ్లూ నేను చెక్కిన ప్రశ్నలకి సున్నా ఎలా వస్తుందని తల బద్దలు కొట్టుకుంటే ఇప్పుడు దొరికింది. ‘ఆ మనిషి లేకపోయినా నాకేం తేడా రాదు’ లాంటి తలకిందుల ప్రశ్నలు పద్దెనిమిది ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి. అన్నిటికీ అవుననేవాళ్లని పట్టుకోవడానికి పెట్టాం కదా."

"వాటికి ‘అస్సలు కాదు’ అంటే ఐదు మార్కులు. మీరు ఒకటి వేశారు. పద్దెనిమిదింటికీ తిరగెయ్యడం మర్చిపోయారు. మక్కువ ఎక్కువున్న వాళ్లందరూ కిందకి పోయారు!"

అతను గబుక్కున లేచాడు. "అయితే అరవై మూడో ఫారం ఎంతయింది?"

ఆమె కట్టను బల్ల మీద పెట్టింది.

"అరవై మూడే ఎందుకండీ?" అంది ఆమె నెమ్మదిగా. "ఎవరి ఫారం ఏదో వెతకనని దాని మీద మీరే సంతకం పెట్టారు."

"వెతకలేదండీ. ఏడో ప్రశ్న పక్కన మీ రాత చూసి..."

"అంటే నా మార్కులు చూసుకుని నన్ను ఊరు పొమ్మన్నారా?"

"డెబ్బై ఆరు వచ్చిందండీ" అన్నాడు పరీక్ష తప్పిన పిల్లాడిలా.

"సరిచేస్తే నూట నలభై ఎనిమిది."

అతని ముఖం వెలిగిపోయింది. "అందరికంటే ఎక్కువ!"

"ఎక్కువే మరి. మా అమ్మమ్మంటే నాకంత ఇష్టం."

"అమ్మమ్మా?"

"‘మీరు రోజూ చూసే ఒక మనిషిని తలుచుకుని నింపండి’ అన్నారు. రోజూ పొద్దున్నే నాకు జడ వేసేది ఆవిడ. మిమ్మల్ని తలుచుకోమని ఎక్కడైనా రాశారా? ఎంత ఇష్టమో గుచ్చిగుచ్చి అడిగారు గానీ, ఎవరంటే ఇష్టమో ఒక్క ముక్క అడగలేదు."

పాపం, ఒక రోజంతా అతను అన్నం మానేసి ఏడ్చింది ఒక ముసలావిడ మార్కులకి.

"మరి నన్ను తలుచుకుని నింపితే ఎంత..."

"మళ్లీ అదేనా? ఐదు కావడానికి పావుగంట ఉంది. ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి." ఆమె ఫోన్ తీసింది.

"అదికాదండీ. ఎడబాటు అనే భావనని ముందుగా మనం..."

ఆమె అంకెలు నొక్కడం మొదలుపెట్టింది.

"వెళ్లొద్దండీ!" అని అరిచాడు. తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డాడు. "మీరంటే నాకు ఇష్టం. ఎంతో తెలీదు. ఎందుకో తెలీదు. కానీ మీరు వెళ్లొద్దు."

ఆమె చివరి అంకె కూడా నొక్కింది. ఫోన్ చెవికి ఆనించుకుంది. అతని గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే బల్ల మీద పెన్నులు దొర్లిపోయాయి.

"నమస్కారమండీ. నేను రాలేను, క్షమించండి... కారణమా? ఇక్కడ ఒకాయన వద్దంటున్నారండీ."

అవతల ఉన్నావిడ మాటకారిలా ఉంది, ఏదో అడిగింది. ఆమె ఫోన్‌ని అరచేత్తో మూసి అతని వైపు తిరిగింది. పెదవుల చివర నవ్వు ఆగడం లేదు.

"మీరు నాకు ఏమవుతారని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మొగుణ్ణవుతానని చెప్పండి."

ఆమె చెయ్యి తీసి ఫోన్‌లో అదే మాట చెప్పింది. అవతలివాళ్లు ముందు నిట్టూర్చారు, తర్వాత ముహూర్తం ఎప్పుడని అడిగారు.