తేనెబోడు బిరుదు

సిరివీటి నగరంలో రాజవీధులన్నీ కలిసే చోట నల్లరాతి చాటింపు తిన్నె ఒకటి ఉండేది. రాజాజ్ఞ అయినా, యుద్ధవార్త అయినా, పొరుగురాజు ఇంటి పెళ్ళి అయినా ఆ తిన్నె మీద భట్టు నిలబడి గొంతెత్తి చదివిన తరువాతే నగరం నమ్మేది; చదవనిది కళ్ళెదుట జరిగినా, అబ్బే, జరగనే లేదనేది. కొమ్మభూపతి ఏలుబడిలో ఒక వసంతాన, కోటబురుజుల మీద పతాకాలు రెపరెపలాడుతూ, అంగళ్ళు అగరు పొగలతో ఘుమఘుమలాడుతూ ఉన్నవేళ, ఆ తిన్నె మీదినుంచి పిడుగులాంటి మాట పడింది. తేనెబోడు కొండమీది అమ్మవారి తిరునాళ్ళకు వెళ్ళిన నగరవాసులను, ఆడా మగా పిల్లా జెల్లా అనక, దుర్గపాలకుడు కాచిదేవుడు కోట తలుపులు మూసి చెరపట్టాడు!

కాచిదేవుడు దొంగ కాడు. అతని తండ్రి ఎరపోతనాయకుడు శత్రువులకు కోట గుట్టు అమ్ముకున్నాడని మహామంత్రి మారయ ప్రెగడ నేరం మోపి, విచారణ లేకుండా ఆ వృద్ధుణ్ణి చెరసాలలో తోయించాడు. "నా తండ్రి మొర ఒక్కసారి నిండుసభలో ఆలకించండి. ఆలకించిన నాడే వీరినందరినీ పువ్వుల్లో పెట్టి పంపుతాను. సేన కొండెక్కిందా, నా చేతిలో ఉన్నవాడు బతకడు." ఇదీ కొడుకు కబురు. చేసింది మహాపాపం, అడిగింది మాత్రం న్యాయం. లోకంలో చిక్కంతా ఇటువంటి చోటే వచ్చిపడుతుంది మరి!

దండనాథుడు సూరమనాయకుడు సేనతో వచ్చి కొండ కింద విడిశాడు. ఎన్నో కోటలు పడగొట్టిన ఆ వీరుడు ఈసారి కత్తి దూయలేదు. ఆయుధం లేకుండా ఒంటరిగా కోటవాకిలి ముందుకు నడిచి, తలెత్తి పలికాడు.

"కాచిదేవా! నేను నీ తండ్రితో ఒకే కంచంలో తిన్నవాణ్ణి. ఆయనను పల్లకిలో ఇక్కడికే రప్పించి, నీ కళ్ళెదుటే సభకు తోడ్కొని పోతాను. ముందు ఆడవారినీ పసివారినీ దింపు. వారికి మారుగా నా తోడబుట్టినవాణ్ణి నీకు ఓలుగా అప్పగిస్తున్నాను. నా మాటకు వాడే తాకట్టు. నేను మాట తప్పిన నాడు వాడి ప్రాణం నీది."

ఆ తోడబుట్టినవాడు పేరమ. తల్లి పురిట్లోనే పోతే అన్న చేతిముద్దలు తిని పెరిగినవాడు. అన్న పిలుపు అందుకుని కోటవాకిలికి వచ్చి, మొలకత్తి విప్పి అన్న చేతిలో పెట్టి నవ్వాడు.

"అన్నయ్యా, నువ్వు మాట ఇచ్చాక నాకు భయమేమిటి? కొండమీద గాలి చల్లగా ఉంటుందట. నాలుగు రోజులు హాయిగా ఉండి వస్తాను."

కోట తలుపు తెరుచుకుంది. పిల్లలూ తల్లులూ బిలబిల దిగి వచ్చారు. పైన కొందరు పెద్దలూ పేరమా మిగిలారు. దిగివచ్చిన తల్లులు సూరమనాయకుని పాదాల మీద పడి ఏడ్చారు. రాజు కూడా సరేనన్నాడు. ఎరపోతనాయకుని పల్లకి నగరం నుంచి బయలుదేరింది.

పల్లకి కదలగానే మారయ ప్రెగడకు ముచ్చెమటలు పోశాయి. కోట గుట్టు అమ్మినవాడు తానే కదా! ముసలివాడు సభలో నోరు విప్పితే తన మెడకే ఉరి. భట్టుల పెద్ద నరసభట్టును పిలిపించి చెవిలో ఏదో ఊదాడు. ఆ సాయంకాలం నుంచే తిన్నె మీద కొత్త పాట మొదలైంది.

"దండనాథులవారు తమ్ముణ్ణి కొండమీదికి విందుకు పంపారహో! కోడిపెట్ట పొదిగినట్టు కొండ కింద పొదుగుతున్నారహో! ఒరలోని కత్తికి తుప్పు పట్టిందహో!"

నగరం విరగబడి నవ్వింది. నిన్న కాళ్ళ మీద పడినవారు, ఒడిలో బిడ్డను కూర్చోబెట్టుకుని మరీ నవ్వారు. ఆ నవ్వు శిబిరానికి చేరింది. వంటవాళ్ళు గుసగుసలాడుతుంటే సూరమనాయకునికి ముద్ద మింగుడు పడలేదు. చావు ముందు రెప్ప వేయనివాడు కోడిపెట్ట అన్న మాటకు కుంగిపోయాడు. సరిగ్గా అప్పుడే మంత్రి కబురు వచ్చింది: "పల్లకి చేరక ముందే కోట పడితే కీర్తి నీది. చేరాక తలుపు తెరుచుకుంటే కీర్తి కాచిదేవుడిది. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాడు. వెనకవైపు చరియ నుంచి తాళ్ళ మీద ఎక్కి, వేకువ మంచులో చడీచప్పుడు లేకుండా లోపల దిగితే, కాచిదేవుడు కళ్ళు నులుముకునేలోగా తమ్ముణ్ణి తప్పించవచ్చునని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఇచ్చిన మాట సంగతి మాత్రం తలచుకోలేదు.

ఇక్కడ సిరివీటివారి ఆచారం ఒకటి చెప్పాలి. దండనాథుడు యుద్ధానికి అడుగు వేసే ముందు భట్టు అతని బిరుదులన్నీ ఎలుగెత్తి చదవాలి. బిరుదు చదివించుకోకుండా పోయే పోకను దొంగపోక అంటారు. దొంగచాటుగా కొండెక్కబోయేవాడికి బిరుదులెందుకయ్యా అని అడిగే తెలివి ఆ సేనలో ఒక్కడికీ లేకపోయింది. మంత్రికి మాత్రం ఉంది. అందుకే, కోట మేలుకుని కత్తులు దూస్తే ముసలివాడి మొర వినే పనే ఉండదని, నరసభట్టును శిబిరానికి తరలించాడు.

మంచు దట్టంగా దిగింది. యోధులు తాళ్ళు భుజాన వేసుకున్నారు. నరసభట్టు ముందుకు వచ్చి గుండెల నిండా ఊపిరి పీల్చడం సూరమనాయకుడు చూశాడు. వద్దని చెయ్యి ఎత్తితే చాలు. ఎత్తబోయాడు కూడా.

"రాయగజకేసరీ!"

ఇన్నాళ్ళూ వెక్కిరింతలే విన్న చెవులకు ఆ పిలుపు, ఎండనపడి వచ్చినవాడికి మజ్జిగలా, చల్లగా తగిలింది. ఎత్తబోయిన చెయ్యి సగంలో ఆగింది. ఒక్కటి విందాం అనుకున్నాడు.

"దుర్గవిభాళా! పరబలభయంకరా!"

ఇంకొక్కటి. ఇంకొక్కటి. కొండ ఆ బిరుదులన్నిటినీ అందుకుని, రెట్టింపు చేసి పైకి మోసుకుపోయింది. కోటలో కుక్కలు మొరిగాయి. కాగడాలు వెలిగాయి.

బురుజు అంచున కాచిదేవుడు కనిపించాడు. అతని పక్కనే చేతులు కట్టిన పేరమ. ఆ కుర్రవాడి గొంతులో భయం లేదు, వేడికోలు మాత్రం ఉంది.

"అన్నయ్యా! అవి నీ బిరుదులంటున్నాడు ఈయన. కాదన్నాను. మా అన్న మాట తప్పడు, ఎవడో గిట్టనివాడు అరుస్తున్నాడన్నాను. కాదని నువ్వొక్కసారి చెప్పు, అన్నయ్యా!"

సూరమనాయకుడు ఏమని చెబుతాడు పాపం?

కాచిదేవుడు కళ్ళు తుడుచుకున్నాడు. "నీ మాట నువ్వు నిలబెట్టుకోలేదు దండనాథా! నా మాట నేను నిలబెట్టుకోక తప్పదు" అన్నాడు. కత్తి మెరిసింది.

మధ్యాహ్నానికి కోట పడింది. కాచిదేవుడు పోరాడి చచ్చాడు. తక్కిన బందీలు బతికారు, కనుక నగరం దానిని విజయమే అంది. సాయంకాలం పల్లకి వచ్చింది. పక్కపక్కన పడుకోబెట్టిన ఇద్దరు పడుచువాళ్ళను చూసి ఎరపోతనాయకుడు అడిగాడు.

"నేను వస్తూనే ఉన్నాను కదా నాయనా! ఈ కాసేపు ఆగలేకపోయారా?"

సూరమనాయకుడు ఆ ముసలివాని కళ్ళలోకి చూడలేక నేల చూశాడు. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు.

తరువాత నిండుసభ తీరింది. కొమ్మభూపతి స్వయంగా గండపెండేరం చేతబట్టి, "దండనాథా! ఇది కాక ఇంకేమి కావాలో కోరుకో, కాదనను" అన్నాడు. మారయ ప్రెగడ అందరికంటే ముందు చప్పట్లు చరిచాడు.

సూరమనాయకుడు పాదం వెనక్కి తీసుకున్నాడు.

"దేవరా! ఈ కాలికి పెండేరం తగదు. నాకొక బిరుదు ఇప్పించండి. 'బిరుదు వినడానికి తమ్ముణ్ణి బలిచ్చినవాడు.' ఎన్నడు నా బిరుదులు చదివినా చివర ఇది చదివి తీరాలి. ఇక ఈ పెద్దాయన మొర ఇప్పుడైనా ఆలకించండి. ఆ మొర కోసమే ఇద్దరు బిడ్డలు పోయారు."

మాట ఇచ్చిన రాజు మాట తప్పలేక ఒప్పుకున్నాడు. మొర ఆలకించాడు. పొద్దు గూకేలోగా ప్రెగడ వేలినుంచి ముద్ర ఉంగరం ఊడింది. ఆ సంగతిని తిన్నె మీద నరసభట్టే చాటాడు, అదే గొంతుతో, ఏమీ ఎరగనట్టు. నగరం దానినీ నమ్మింది.

కొన్నాళ్ళకు సరిహద్దు మీదికి శత్రువు వచ్చాడు. సూరమనాయకుడు గుర్రమెక్కాడు. నరసభట్టు బిరుదులన్నీ కంచుగంటలా చదివి, చివరిదాని దగ్గరకు వచ్చేసరికి తల వంచుకుని గొణిగాడు.

సూరమనాయకుడు కళ్ళెం బిగించి ఆగాడు.

"గట్టిగా చదవవయ్యా నరసభట్టూ! ఆనాడు కొండమీదికి వినబడింది కదా."