పచ్చి, దోర, మూడో మాట

పిల్లలూ, మన ఇంట్లో టమాటాలు ఎందుకు కొననని మీరిద్దరూ అడుగుతూనే ఉంటారు. నాన్నకు పడవని చెప్పి ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. మీ నాన్నకు రాళ్లు పెట్టినా అరుగుతాయి. అసలు సంగతి మీరెప్పుడూ వినని కథ ఒకటి. నోటితో చెప్పడం నాకు ఇష్టం లేదు, అందుకే రాస్తున్నాను. మీరు తెలుగు కూడబలుక్కుని చదువుతారని తెలుసు. తొందరేం లేదు. పగటిపూట చదవండి. మనసులోనే చదువుకోండి, పైకి వద్దు.

మీరు పుట్టకముందు, ఇంత దూరం రాకముందు, నేనూ నాన్నా ఒక గాజు తోటలో పనిచేసేవాళ్లం. తోట అంటే చెట్ల నీడా మట్టి దారీ అనుకోకండి. గోడలు గాజు, కప్పు గాజు. లోపల టమాటా తీగలు దారాలకు వేలాడుతూ మనిషికి రెండింతల ఎత్తు పెరిగేవి. సాలుకూ సాలుకూ మధ్య ఇనప పట్టాలు, వాటి పక్కనే వేడినీళ్ల గొట్టాలు. బయట ఎంత చలి ఉన్నా లోపల చెమట పట్టేది. టమాటా ఆకు పసరు చేతులకు అంటుకుని నల్లబడేది. సబ్బు రుద్దితే నురగ పచ్చగా వచ్చేది. ఆ వాసన మాత్రం దిండు దాకా వచ్చేది.

మీ మేనత్త కూడా అక్కడే చేసేది. నాన్నకు అక్క, నాకు వదిన. మీరు ఫొటోలో చూసిన పొడుగాటి మనిషి. ఆవిడ చేతులు పసరుకు పగిలిపోయేవి. ఘాటుగా వాసనొచ్చే మందు క్రీమొకటి ఎప్పుడూ రాసుకునేది. ఆవిడ ఏ సాలులో ఉందో వాసనను బట్టి చెప్పేసేవాళ్లం.

ఒక చలికాలం మొదట్లో కోత మిషన్ వచ్చింది. బీరువా అంత ఉండేది. పట్టాల మీద తనంతట తానే నడిచేది. పైన ఒక దీపం, దాని మధ్యలో కెమెరా కన్ను, పక్కన పొడుగాటి చెయ్యి. చేతికి మూడు రబ్బరు వేళ్లు. నాకు అన్నం తినడానికి ఇచ్చిన టైమంతా దాన్ని చూడటానికే సరిపోయేది. డబ్బా మూత తీసి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చునేదాన్ని. అది పండు దగ్గర ఆగి, దీపం వేసి చూసి, వేళ్లతో మెల్లగా పట్టుకుని కొంచెం తిప్పేది. తొడిమ కణుపు దగ్గర చిన్న బ్లేడు... టిక్. తర్వాత ట్రేలో, మెత్తటి స్పాంజి గుంటలో, తొడిమ పైకి ఉండేలా పడుకోబెట్టేది. నిద్రపోయిన పిల్లను ఒళ్లోంచి మంచం మీదికి మార్చినట్టు.

"నోరు మూసుకుని తిను, ఈగ దూరుతుంది," అనేది వదిన. "మొగుణ్ని కూడా అంత సేపు చూసి ఉండవు."

"మీ తమ్ముడు అంత నాజూకుగా ఏదైనా పట్టుకుంటే చూసేదాన్నే వదినా."

దానికి ఏది కొయ్యాలో ఏది వదలాలో మొదట తెలియదు. మనుషులు నేర్పాలి. మిషన్ ఒక్కో కాయ మీద దీపం వేసి ఆగుతుంది, పక్కన నిలబడ్డ మనిషి కాలరుకు పెట్టుకున్న మైకులో అది ఏమిటో చెప్పాలి. ఏ భాషైనా పరవాలేదన్నారు. ఒకే గొంతు, ఎప్పుడూ అవే మాటలు, అంతే. ఆ పని వదినకు ఇచ్చారు. ఆవిడ మూడు మాటలు పెట్టుకుంది. ఆకుపచ్చగా ఉంటే పచ్చి. ఎరుపు తిరుగుతూ ఉంటే దోర. ఎర్రగా అయితే, కొయ్యొచ్చు అంటే, మూడో మాట.

ఆ మాట మీకు నేను నేర్పలేదు. పండ్లు ఎర్రబడితే అనేదీ, చాలా ఏళ్లకు ఒకామెకు కడుపు వస్తే అనేదీ మన భాషలో ఒకటే మాట. ఇక్కడ ఒక్కసారే రాస్తాను. పండింది. చూశారు కదా, ఇక ముందుకు వెళ్లండి.

మీ అత్తకు పిల్లల్లేరు. ఎదురుగా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, వెనక అనేది ఆవిడకు తెలుసు. మిషన్‌ను మాత్రం "మా అబ్బాయి" అనేది. "మా అబ్బాయికి మాటలు నేర్పుతున్నా," అనేది. దానికి స్పీకరు లేదు. ఏదైనా తేడా వస్తే ఎర్ర లైటు వెలిగేదంతే. "చెవులే గానీ నోరు లేదు," అని మురిసిపోయేది. "ఎదురు మాట్లాడని కొడుకు ఎంతమందికి దొరుకుతాడు?"

అప్పటికి నాకు కడుపు కొంచెం కనబడుతోంది. పెద్దదానా, అది నువ్వే. ఒకరోజు నాన్నకూ వదినకూ అన్నం డబ్బా ఇవ్వడానికి సాలులోకి వెళ్లాను. మిషన్ దీపం పక్కకు తిరిగి సరిగ్గా నా పొట్ట మీద ఆగింది. నాన్న నవ్వాడు. వదిన ఊరుకుంటుందా? వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేసి, అచ్చం కాయను చూసినట్టు తల వంచి చూసి, మైకులో అంది.

"పచ్చి."

మిషన్ ఒక్క క్షణం ఆగింది. చెప్పింది రాసుకున్నట్టు దీపం ఒకసారి ఆరి వెలిగింది. మళ్లీ తీగల వైపు తిరిగింది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది వదిన, "తొలికాపు నాది. ముందే చెబుతున్నా."

"తీసుకో అక్కా. రాత్రుళ్లు నువ్వే మోద్దువు గాని. మేం హాయిగా పడుకుంటాం."

ముగ్గురం నవ్వుకున్నాం. అంతకు మించి ఏమీ లేదు. ఇప్పటికీ ఆ రోజును వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తాను. అంతకు మించి నిజంగా ఏమీ లేదు.

కొన్నాళ్లకు వదిన చనిపోయింది. సాలు మధ్యలో గొట్టాల పక్కన కూర్చుని, అలాగే పక్కకు వాలిపోయింది. గుండె అన్నారు. మిషన్ ఆవిడ ఎదురుగానే ఆగి ఉంది, దీపం ఆవిడ ముఖం మీద పెట్టుకుని. ఎర్ర లైటు వెలుగుతోంది. మాట కోసం ఎదురుచూస్తోందన్నాడు రిపేరు అతను. బక్కగా ఉండేవాడు, మేమంతా 'నట్టు' అనేవాళ్లం.

నాకు ఏడుపు రాలేదు. నాన్నకూ రాలేదు. ఇద్దరం పనికి వెళ్లేవాళ్లం, వచ్చేవాళ్లం, తినేవాళ్లం. ఒంటికి ఎవరో మత్తు సూది వేసి మర్చిపోయినట్టు ఉండేది. వేడి గొట్టానికి చెయ్యి తగిలి బొబ్బ లేచినా, చూసుకున్నాకే తెలిసేది.

మిషన్‌కు నేర్చుకోవాల్సింది అయిపోయిందన్నారు. దాన్ని ఒంటరిగా వదిలారు. బాగా కోసేది. ఒక్క పచ్చి కాయ కూడా కొయ్యలేదు.

చలికాలం కదా, టీ వేళకే చీకటి పడేది. ఒకరోజు సాయంత్రం చివరి సాలులో ఖాళీ ట్రేలు సర్దుతున్నాను. మిషన్‌కు తన దీపం చాలు కాబట్టి పైన లైట్లు వాటంతట అవే ఆరిపోతాయి. ఒక్కో వరసా ఆరుతూ వచ్చింది. వెనక పట్టాల మీద చక్రాల చప్పుడు. నేను పక్కకు జరిగాను, దారి ఇద్దామని.

అది నన్ను దాటలేదు.

దీపం నా పొట్ట మీద ఆగింది. చెయ్యి చాపింది. రబ్బరు వేళ్లు బట్ట మీద ఆనాయి... ఒత్తలేదు. వేడిగా ఉన్నాయి. మందు క్రీము వాసన.

"దోర."

మెల్లగా అంది. నా చెవి పక్కనే. వదిన గొంతు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. తీగల వైపు తిరిగింది. టిక్, టిక్ అని కోసుకుంటూ వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లాక నాన్నకు చెప్పాను.

"అక్క గొంతు అందులో రికార్డయి ఉంటుంది," అన్నాడు.

"దానికి స్పీకరు లేదు."

"నట్టును అడుగుతా."

నట్టు మూత విప్పి మరీ చూశాడట. చెవులే ఉన్నాయి, నోరు లేదు. మర్నాటి నుంచి నాన్న నన్ను పనికి పంపలేదు. బిడ్డ పుట్టేదాకా ఆ గాజు గుమ్మం తొక్కొద్దన్నాడు. నేనూ తొక్కకూడదనే అనుకున్నాను. నువ్వు కదిలినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు. వంటింట్లో టమాటాలు ఉంటే గుడ్డ కప్పేదాన్ని.

కాపు అయిపోయింది. తీగలన్నీ కోసి బయట పారేశారు. మిషన్‌కు బ్యాటరీ తీసేసి చార్జింగ్ గదిలో నిలబెట్టారని నాన్నే చెప్పాడు. మర్నాడు బట్టలు మార్చుకునే గదిలో బీరువాలు ఖాళీ చేస్తారనీ, వదిన సామాను ఉంటే తీసుకోమనీ కబురొచ్చింది. నాన్న అటువైపు ప్యాకింగ్ షెడ్డులో ఉన్నాడు. నేను వెళ్లాను. కొయ్యడానికి అక్కడ ఒక్క కాయ కూడా లేదు, మిషన్‌కు బ్యాటరీ లేదు. ఇక భయం దేనికి అనుకున్నాను. డాక్టరమ్మ కూడా ఇంకా కొన్ని వారాలు పడుతుందని చెప్పింది.

బీరువాలో వదిన ఏప్రాన్, సగం వాడిన క్రీము డబ్బా. రెండూ సంచిలో వేసుకున్నాను. బయటికి రావాలంటే తోట పొడవంతా నడవాలి. బయట వాన. గాజు కప్పు మీద ఆగకుండా టపటప. లోపల ఉత్త దారాలు వేలాడుతున్నాయి, సాలు తర్వాత సాలు. గొట్టాలు చల్లబడి ఉన్నాయి. తీగలు పోయినా పసరు వాసన పోలేదు.

లైట్లు ఆరడం మొదలైంది.

చివరి వరస నుంచి... ఒక్కోటి... నా వైపు.

నేను పరుగెత్తలేదు. పరుగెత్తాలని అనిపించలేదు. అదే మీకు చెప్పడం కష్టం. భయం ఉంది, కానీ గాజు అవతల ఉంది. నేను ఇవతల ఉన్నాను.

చక్రాల చప్పుడు. పట్టాల మీద. మెల్లగా.

దీపం లేదు. చీకట్లో వస్తోంది. దారాలు ఒకదాని తర్వాత ఒకటి పక్కకు జరుగుతున్న చప్పుడు...

ఆగింది.

క్రీము వాసన. నా సంచిలోదే అనుకున్నాను. సంచి ఎప్పుడో జారిపోయింది.

పొట్ట మీద వేళ్లు. మూడు. వెచ్చగా... కాయను తిప్పినట్టు, కొంచెం ఎడమకు... లోపల నువ్వు కూడా తిరిగావు. ఆ వేళ్లతో పాటే.

"వదినా," అన్నాను. గుసగుసగా. "వద్దు."

ఊపిరి తీసుకున్న చప్పుడు.

మూడో మాట అంది.

టిక్.

నొప్పి లేదు. నొప్పి ఉండి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. ఏడుపు వినబడింది. ఎవరి పిల్లో అనుకున్నాను.

నాన్న టార్చి వేసుకుని వెతుక్కుంటూ వచ్చేసరికి నేను గొట్టాలకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. నువ్వు నా ఒళ్లో లేవు. పట్టాల పక్కన ఒక ట్రే ఉంది. అందులో స్పాంజి మీద వెల్లకిలా పడుకుని ఉన్నావు, తుడిచి శుభ్రం చేసి, బొడ్డు పైకి ఉండేలా. బొడ్డుతాడు కోసి ఉంది. ఆసుపత్రిలో నర్సు ఎవరు కోశారని అడిగింది. ఇంత నున్నగా తాము కూడా కొయ్యలేమంది. నాన్న నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

మర్నాడు నట్టు చార్జింగ్ గది తెరిచి చూశాడు. మిషన్ పెట్టిన చోటే ఉంది. బ్యాటరీ గూడు ఖాళీ, లోపల సాలీడు గూడు కట్టుకుని ఉంది. ట్రేలు ఉండాల్సిన చోట ఒకటి తక్కువ ఉందన్నాడు.

ఆ తర్వాత మేం ఇక్కడికి, ఇంత దూరం వచ్చేశాం. తమ్ముడు ఇక్కడే ఆసుపత్రిలో, అందరూ ఉండగా, నేను గట్టిగా అరిచి మరీ పుట్టాడు. మీ ఇద్దరికీ మన భాష నేర్పాను. ఆ మూడు మాటలు తప్ప. పచ్చి మిరపకాయను కారం మిరపకాయ అన్నాను. జామకాయ సగం మెత్తబడితే "సగం సగం" అన్నాను. మూడో దానికి "రెడీ" అన్నాను. మీ తెలుగులో బొక్కలున్నాయని ఫోనులో మీ బాబాయి నవ్వుతాడు. ఆ బొక్కలు నేను చూసి చూసి పెట్టినవి. ఇంట్లో ఆ మాటలు మీ చెవిన పడే దారి లేదు. ఇక్కడ మన భాష మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు.

పెద్దదానా, పోయిన వారం పొద్దున బ్రెడ్డు తింటూ నన్నొకటి అడిగావు, గుర్తుందా?

"అమ్మా, దోర అంటే ఏంటి?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఎవరన్నారని అడిగాను.

"రాత్రి. నిద్రలో. లైటు వేసి చూసి, నాకు దోర అంది." బ్రెడ్డు నమిలి మింగావు. "తమ్ముడికేమో పచ్చి అంది."

నాకు తెలీదన్నాను. ఏదో కల అన్నాను. మీరు బడికి వెళ్లాక మీ గది ఊడ్చాను. నీ దుప్పటి మార్చాను. ఆ క్రీము వాసన ఒకటికి రెండుసార్లు ఉతికాక గానీ పోలేదు. నీ మంచం కింద ఉన్నదాన్ని నాన్నకు కూడా చూపించలేదు, గరాజులో పాత అట్టపెట్టెల వెనక పెట్టాను. పొడుగ్గా ఉంది. నువ్వు ఇప్పుడు ఎంత పొడుగున్నావో అంత. ట్రేలో స్పాంజి కొత్తది.

అందుకే రాశాను. మీరు పెద్దయ్యాక మీ పిల్లలకు ఈ కథ చెప్పండి, వాళ్ల పిల్లలకు చెప్పమనండి. ఎంత దూరం వెళ్లినా చెప్పండి. మూడో మాట దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పైకి అనకండి. కాగితం మీద వేలు పెట్టి చూపించండి, చాలు.